కొలతలు

మా అమ్మ రస్మియా ఖాన్ యూనిస్‌లో దర్జీ.
టేపు మెడలో వేసుకునే పడుకుంటుంది,
అర్ధరాత్రి ఎవరైనా లేపి
జాకెట్టు అడుగుతారేమో అన్నట్టు.

అరవై ఏడులో మేనమామ చంకనెక్కి
జోర్డాన్ వచ్చినవాణ్ణి నేను.
రెండు వారాలకని తెచ్చాడు.
జెరాష్ శిబిరంలో ఇప్పటికీ నా పాస్‌పోర్టు మీద
'తాత్కాలికం' అనే రాసుంటుంది.
దాన్ని పట్టుకునే జుట్టు నెరిసింది.

అక్క ఇతాఫ్ లెబనాన్‌లో, సైదా పక్కన.
ముప్పయ్యేళ్ళు రోగుల చేతులు పట్టుకుని కూడా
నర్సు అని ఏ రిజిస్టర్లోనూ రాయించుకోలేకపోయింది.
చెల్లెలు విసాల్ జెరూసలేంలో.
ఊరుదాటి ఎక్కువ కాలం ఉందంటే
తిరిగొచ్చేసరికి
తన ఇంటికి తానే చుట్టమైపోతుంది.
తమ్ముడు నజ్మీ ఒక్కడే అమ్మ దగ్గర.
ఆ ఇల్లు ఇప్పుడు మూడో గుడారం.

"ఎనభై నిండుతున్నాయి.
నలుగురూ ఒక్క పూట నా ఎదురుగా కూర్చుని తినండి, చాలు"
అంది అమ్మ.

ఎక్కడ?

అమ్మాన్ అనుకున్నాం. అక్క కాగితానికి అక్కడ తలుపు తీయరు.
కైరో అనుకున్నాం. ఆ వారమే
ఎవరో ఎవరితోనో ఏదో సంతకం చేసి కరచాలనం చేసుకున్నారు,
గేటు మూతపడింది.
ఇస్తాంబుల్ అన్నాం, ఎవరో అలిగి రాయబారిని వెనక్కి పిలిచారు.
ఊళ్ళ పేర్లన్నీ అయిపోయాక విసాల్ ఫోన్లో నవ్వింది:
"చందమామ ఎవరి అధీనంలో ఉందో కనుక్కోరా."

సముద్రాల అవతల ఒకాయనకి ఎన్నికలు దగ్గరపడితే
ఇతాఫ్ వార్డులో దూది నిండుకుంటుంది.
ఇద్దరు రాజులు రాజీపడితే
నజ్మీ డయాలిసిస్ వారానికి మూడు నించి ఒకటికొస్తుంది.
వాళ్ళు పోట్లాడుకున్నా అంతే.

సహాయం పిండి సంచీతో తమ్ముడికి పైజామా కుట్టింది అమ్మ.
'బహుమతి, అమ్మకానికి కాదు' అన్న ముద్ర
సరిగ్గా వాడి పిరుదుల మీదికి వచ్చింది, పక్కనే జెండా.
పిల్లలు వెంటపడి నవ్వారు.
అదే జెండా
పక్క వీధిలో దొరికిన ఇనప ముక్క మీదా ఉంది.
అప్పుడెవరూ నవ్వలేదు.

ఓ రోజు నజ్మీ ఫోన్లో వీడియో చూపించాడు అమ్మకి.
ఎక్కడో చలి దేశం. గుర్రపు లాడంలాంటి బల్ల.
పద్నాలుగు చేతులు ఒకసారి లేచాయి.
తర్వాత ఒక్క చెయ్యి.
ఆ ఒక్కటే గెలిచింది.
అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చూసింది చాలాసేపు.
"కోటు చంక దగ్గర పట్టేసింది చూడు.
కుట్టినవాడు చెయ్యెత్తించి కొలవలేదు"
అంది. ఇంకేం అనలేదు.

ఇంకోసారి రొట్టెలు చుట్టిచ్చిన పాత పేపర్లో
మా దేశం పటం ఉంది, రంగురంగుల ముక్కలుగా.
వేళ్ళతో అంచులు తడిమింది,
నలభై ఏళ్ళ కత్తెర పనితో కాయలు కాసిన వేళ్ళతో.
"ఎవడ్రా ఈ కత్తిరింపు?
గుడ్డ ఒంటిమీద ఉండగానే కత్తెర పెట్టాడు."

పోయిన నెల నాకు ఫోను.
నలుగురికీ తలో చొక్కా కుడుతుందట.
ఎలా చేరుతుందని అడగబోయి ఊరుకున్నాను.
నా భుజం ఎంతో ఆమెకి తెలీదు;
ఆమె చూసిన నా ఒళ్ళు చంకలో పట్టేంతది.
నవారు ముక్కతో నన్ను నేనే కొలుచుకుంటూ
గట్టిగా అరిచాను: భుజం పద్దెనిమిది. ఛాతీ నలభై.
చెయ్యి ఇరవై...

లైను తెగిపోయింది.

నాలుగో రోజున మెసేజ్ వచ్చింది, నజ్మీ టైపు చేసిన అమ్మ మాట:
"చెయ్యి ఎంతన్నావో వినపడలేదు.
పొడుగ్గానే కత్తిరించాను.
మిగిలితే మడత పెట్టుకో.
తక్కువైతే
అతకడానికి నా దగ్గర ఇంక గుడ్డ లేదు."